ఆదివారం దుప్పటి

మాంచెస్టర్,
1961 అక్టోబరు

సెత్ అన్నయ్యకి,

ఇది మూడో ఉత్తరం. మొదటి రెండింటికీ నువ్వు రాసిన జవాబుల్లో వానలున్నాయి, నీ మోకాలి నొప్పి ఉంది, నీ కొండ ప్రిమ్‌రోజ్ మొక్కల పండుటాకులు ఎలా తుంచాలో వివరంగా ఉంది. నేనడిగింది మాత్రం లేదు. అర్జీ ఏమైంది?

మర్చిపోయావేమోనని మళ్ళీ చెబుతున్నాను. మన వీధి వెనక మిల్లు మూతపడి రెండేళ్ళయింది. మగ్గాలు తుక్కు కింద అమ్ముకున్నారు, మనుషుల్ని రోడ్డు మీదికి నెట్టారు. మిగిలింది అయిదంతస్తుల గోడ. దాన్ని పడగొట్టించడం దండగ ఖర్చని యజమాని అలాగే వదిలేశాడు. ఒక పెద్దమనిషికి ఖర్చు తప్పాలంటే పధ్నాలుగు కుటుంబాలు పట్టపగలు దీపం వెలిగించుకోవాలి! దుప్పట్లు వంటింట్లో పొయ్యి పైన ఆరేసుకోవాలి. ఆ తడి గోడలకెక్కాలి, గోడల బూజు పిల్లల రొమ్ముల్లోకి దిగాలి. దీనికి పెద్దలు పెట్టిన పేరు ఆస్తి హక్కు. నేను దొంగతనం అంటాను. ఎండని దొంగిలించారని కేసు పెడితే తీసుకునే కోర్టు లేదు కాబట్టి మునిసిపాలిటీ మెడ మనమే వంచాలి.

నీ పక్కింటి పెగ్గీ కూతురు బ్రెండాకి ఆరేళ్ళు. ఆ దగ్గు నీ పడగ్గదిలోకి వినిపిస్తుందని నువ్వే చెప్పావు. గోడకి ఇవతల పుట్టడం తప్ప అది చేసిన నేరం ఏమిటి?

నేను రాయగలిగింది రాశాను. మా పత్రికలో రెండు పేజీలు, పేరుపెట్టి మరీ. ఇక కావలసింది సంతకాలు. నువ్వు కాగితం పట్టుకుని పధ్నాలుగు తలుపులు తట్టాలి. యాభై నాలుగేళ్ళ మనిషివి, ముప్పై ఏళ్ళు ఆ మిల్లులో నేత నేశావు. ఇంకా ఎవరికి భయం?

నీ చెల్లెలు,
హిల్డా


ఆష్‌క్లఫ్,
నవంబరు

హిల్డాకి,

నీ ఉత్తరం చేతికిస్తూ పోస్టుమాన్ "మీ చెల్లెలుగారు పెన్ను గట్టిగా నొక్కుతారల్లే ఉంది, కవరు మీద కూడా గుంటలు పడ్డాయి" అన్నాడు. చిన్నప్పటి నుంచీ అంతేనన్నాను.

సంతకాల సంగతి చూస్తాను.

తీగల ఫ్యాక్టరీలో పని బాగానే ఉంది. పొద్దున బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు. అందుకని మొక్కల్ని ఇప్పుడు లాంతరు వెలుగులో చూసుకుంటున్నాను. నువ్వు వాటిని కొండ ప్రిమ్‌రోజ్‌లంటావు, మేం ఆరిక్యులాలంటాం. పేరేదైనా పరవాలేదు గానీ, కిందటిసారి వచ్చినప్పుడు అన్నట్టు క్యాబేజీ అని మాత్రం అనకు.

విత్తనం నుంచి నేను తీసిన మొక్క ఒకటుంది, చెప్పానుగా. మధ్యలో మీగడ రంగు, దాని చుట్టూ నేరేడుపండు నలుపు, అంచుకొచ్చేసరికి పలచబడి వంగపువ్వు రంగు. అలాంటిది నేనింకెక్కడా చూడలేదు. మొన్న ఏప్రిల్‌లో కాడకి నాలుగే పువ్వులు వేసింది. పోటీ బల్ల ఎక్కాలంటే అయిదుండాలి. మా పువ్వుల సంఘం కార్యదర్శి క్లెగ్ నీకు తెలుసు, నాలుగుని అయిదనే మనిషి కాదు.

పోటీ వరుసలో మొదట నిలిస్తే గానీ కొత్త మొక్కకి పేరు పెట్టం. పేరు పడితే గానీ దాని పిలక ఇంకొకరి పెరట్లోకి వెళ్ళదు. నాన్న హయాంలోనూ ఇదే పద్ధతి. నా మొక్క ఇన్నేళ్ళలో ఒక్క పిలక వేసింది, అదీ బతకలేదు. లోకంలో ఇదొక్కటే ఉంది. పోతే మళ్ళీ రాదు.

వచ్చే వసంతం అయిదు వేస్తుందేమో చూడాలి.

సెత్


మాంచెస్టర్,
1962 జనవరి

అన్నయ్యా,

నిన్న పెద్దాసుపత్రి మెట్ల మీద పెగ్గీ కనిపించింది. బ్రెండాని పరీక్షలకి తీసుకొచ్చింది. పిల్ల నా చెయ్యి పట్టుకుని నాలుగు మెట్లెక్కి, ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎక్కింది. మధ్యమధ్యలో ఆగడం మెట్లెక్కడంలో భాగమేననుకుంటోంది అది. ఆరేళ్ళ పిల్ల!

నీ కబురడిగాను. "ఏముందమ్మా, సాయంత్రం పనినుంచి రాగానే పెరట్లో నిలబడి ఆ గోడని చూస్తూ ఉంటాడు. పెళ్ళికూతుర్ని అంపకం పెట్టే తండ్రిలాగా" అంది నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. బస్సులో కూచున్నాక తెలిసొచ్చింది. నీ మొక్కలకి ఎండ పడదు! ఆ గోడ నీడలోనే అవి బతుకుతున్నాయి. సంతకాలు అందుకే కదూ ‘చూస్తాను’? నవంబరు పోయింది, డిసెంబరు పోయింది, ఇంకా చూస్తూనే ఉన్నావు!

ఒక మాటడుగుతాను, కోపం వస్తే రానీ. యజమాని తన డబ్బు కోసం ఆ గోడని ఉంచాడు, నువ్వు నీ పువ్వు కోసం ఉంచావు. బ్రెండా రొమ్ముకి ఆ రెండింటికీ తేడా తెలుస్తుందా? అందం కావాలి, నేను కాదనను. కూలివాడి పెరట్లో పువ్వు పుయ్యడాన్ని తప్పుపట్టే పంతుళ్ళతో మా పార్టీలోనే దెబ్బలాడాను. కానీ పధ్నాలుగు ఇళ్ళ చీకటిని ఎరువుగా వేసుకునే అందం ఎవరిదైనా నాకొద్దు. నా అన్నదైతే అసలే వద్దు.

జవాబు రాయి. మోకాలి గురించి కాదు.

హిల్డా


ఆష్‌క్లఫ్,
జనవరి

హిల్డాకి,

అర్జీ నవంబరులోనే మునిసిపాలిటీకి చేరింది. పధ్నాలుగు ఇళ్ళ సంతకాలూ ఉన్నాయి. మొదటి సంతకం నాదే.

నీకు చెప్పకపోవడానికి కారణం ఒక్కటే. చెబితే పత్రికలో త్యాగమనో, కార్మికుడి ఔదార్యమనో రాస్తావు. ఫ్యాక్టరీలో కుర్రాళ్ళు అది గోడకంటించి నన్ను ఏడిపిస్తారు.

అన్నిటికన్నా కష్టమైంది పెగ్గీ అత్తగారి సంతకం. మిసెస్ ఆర్మరాడ్‌ని నువ్వెరుగుదువు, చర్చిలో మొదటి వరుస, పక్కన ఎవరైనా తుమ్మినా తలతిప్పి చూస్తుంది. "నలభై ఏళ్ళు ఆ గోడ లోపల పనిచేశాను సెత్. నా పళ్ళు, నా చెవులు, నా మొగుడు అందులోనే పోయారు. ఇప్పుడది పడిపోతే నేనెక్కడ పనిచేసినట్టు?" అంది. ఈలోగా మేడ మీద బ్రెండా దగ్గడం మొదలుపెట్టింది. ఇద్దరం కూచుని అది ఆగేదాకా విన్నాం. పెన్ను తనే అడిగి తీసుకుంది.

మొక్కల సంగతి నువ్వూహించింది నిజమే. వాటి పుట్టిల్లు ఎత్తయిన కొండలు, ఎండ తొంగిచూడని రాతి సందులు. ఎంత మంచు కురిసినా వాటికి ఫరవాలేదు. ఒక్క జూలై మధ్యాహ్నం చాలు, ఉడికిపోతాయి. గోడ పడ్డాక ఏం చెయ్యాలో నాకు తెలీదు.

మోకాలు నొప్పిగానే ఉంది.

సెత్


మాంచెస్టర్,
ఫిబ్రవరి

అన్నయ్యా,

మూడు వారాలు ఉత్తరం రాయలేకపోయాను. నాలాంటిది మూడు వారాలు నోరు మూసుకుందంటే నీకు అర్థమయ్యే ఉంటుంది.

తప్పు నాదే. అంతమాత్రాన నీది లేదనుకోకు. చెప్పకుండా మంచిపని చేసేవాడు పక్కవాడి చేత తనని అన్యాయంగా తిట్టిస్తాడు, అదీ ఒక దౌర్జన్యమే. సరే, వదిలెయ్.

గోడ పడాలి, నీ మొక్కా బతకాలి. ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోవాలని ఎవడు రాసిపెట్టాడు? బీదవాళ్ళ ముందు ఎప్పుడూ ఇలాంటి లెక్కే పెడతారు: పిల్ల ఊపిరా, మొగుడి ఉద్యోగమా, పువ్వా, ఒకటి కోరుకో అని. నేను ఆ లెక్కని ఒప్పుకోను. క్లెగ్ ఇల్లు కొండవాలున ఉత్తరం వైపుంది కదా. మొక్కని తీసుకెళ్ళి అతని పెరట్లో పెట్టు. వెంటనే పెట్టు.

హిల్డా


ఆష్‌క్లఫ్,
జూన్

హిల్డాకి,

పోటీ ఏప్రిల్ ఆఖర్న అయింది. నా మొక్క అయిదు పువ్వులు వేసింది. కానీ అయిదోది పోటీ అయిన మూడోరోజున విచ్చుకుంది. దాని ముందు నిలబడి క్లెగ్ టోపీ తీశాడు. "నా పెరట్లో పుట్టి ఉంటే ఈ జన్మకి ఇది చాలనుకునేవాణ్ణి" అన్నాడు. వేసవికి తన పెరట్లో ఉంచమని కూడా అన్నాడు.

వద్దన్నాను. తిట్టకు. పేరు లేని మొక్క పెరడు దాటకూడదు. క్లెగ్ దొంగ కాడు, నాకు తెలుసు. కానీ క్లెగ్ దగ్గర పూసి మొదట నిలిస్తే అది ఎవరి మొక్క అంటారు? నాన్న ఇలాగే ఒక పసుపు పువ్వుని పోగొట్టుకున్నాడు.

గోడ కిందటి సోమవారం నుంచి పడుతోంది. ఇటుకల ధూళి దిగాక చూస్తే ఎదురుగా కొండ ఉంది హిల్డా. కొండ మీద గొర్రెలున్నాయి. అవి ఇన్నేళ్ళూ అక్కడే ఉన్నాయి కాబోలు. మిసెస్ ఆర్మరాడ్ వాకిట్లో కుర్చీ వేసుకుని, ఎండ ఒళ్ళో పెట్టుకున్నట్టు కూచుంది. "కళ్ళు మండుతున్నాయి" అని విసుక్కుంటూనే లోపలికి మాత్రం వెళ్ళలేదు.

మొక్కల పెట్టెల మీద లారీ టార్పాలిన్ కట్టాను. దాని కింద గాలాడక ఆవిరి పట్టింది. రెండు రోజుల్లో సగం మొక్కల మొదళ్ళు కుళ్ళాయి. టార్పాలిన్ విప్పేశాను. ఇప్పుడు వట్టి ఎండ. పగలు నేను ఫ్యాక్టరీలో ఉంటాను. సాయంత్రం వచ్చేసరికి నా మొక్క ఆకులు వాలేసి ఉంటోంది, పొద్దుటికి మళ్ళీ లేస్తోంది. ఇలా ఎన్నాళ్ళు లేస్తుందో.

సెత్


మాంచెస్టర్,
జూన్

తిట్టకు అన్నావు. తిడుతున్నాను.

పేరు ముఖ్యమా, ప్రాణం ముఖ్యమా? యజమాని నా గోడ అన్నాడు, నువ్వు నా మొక్క అంటున్నావు. నీ ఆస్తి చిన్నది, అదొక్కటే తేడా. చచ్చిపోయిన మొక్కకి మీ సంఘం ఏ పేరు పెడుతుంది? ఈ ఉత్తరం అందిన గంటలో క్లెగ్ ఇంటికి వెళ్ళు. వెళ్ళకపోతే శనివారం బండెక్కి వచ్చి నేనే ఎత్తుకుపోతాను.

హిల్డా


ఆష్‌క్లఫ్,
జూలై

హిల్డాకి,

బండెక్కక్కర్లేదు. జరిగింది విను.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, శనివారం మధ్యాహ్నం పని వదలగానే మొక్కని క్లెగ్‌కి ఇచ్చేద్దామనే ఇంటికొచ్చాను. ఒట్టు. పెరట్లోకి వెళితే అక్కడ చల్లగా ఉంది. మొక్క తలెత్తుకుని ఉంది. వెనక సందులో తాడు కట్టి, నా పెరటి ముందు నుంచి పెగ్గీ రెండు పెద్ద దుప్పట్లు ఆరేసింది. వాటి నీడ సరిగ్గా నా పెట్టెల మీద పడింది. తడి గుడ్డ మీంచి వస్తున్న గాలి, కొండ మీద మంచు కరిగేచోట నిలబడ్డట్టుంది.

"నీ పెరటికి అడ్డమొచ్చానా?" అంది పెగ్గీ. "సోమవారం వాన పడింది, ఉతుకు ఇవాళ్టిదాకా ఆగింది. పెళ్ళయ్యాక దుప్పటి బయట ఆరేయడం ఇదే మొదలు, వాసన చూడు!" అని ఒక కొస నా ముక్కు దగ్గర పెట్టింది.

వాసన చూశాను. తర్వాత మొక్క సంగతి చెప్పాను. ఇన్నేళ్ళ పొరుగులో ఆమెకి నేను మొక్కల గురించి చెప్పడం అదే మొదటిసారి. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

"అయితే రోజూ ఎవరో ఒకరు ఉతికితే సరి" అంది. అంత తేలిగ్గా అంది! ఈ వీధిలో సోమవారం తప్ప ఇంకోరోజు బట్టలుతికిన ఆడది ఉందా? గురువారం పొయ్యి పైన తడి దుప్పటి కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరో పోయారనో, పుట్టారనో పరామర్శకి వెళ్ళేవాళ్ళు. పెగ్గీ ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగింది. సోమవారం చివరింటివాళ్ళు, మంగళవారం తను, అలా శనివారం దాకా వంతులు. మొదట మొహాలు చిట్లించారట. "గోడకే సంతకం పెట్టినవాళ్ళం, సోమవారానికి భయపడతామా?" అందట. నీ పత్రిక చదువుతోందేమో కనుక్కోవాలి.

నేను కూడా ఒక వంతు తీసుకున్నాను, శనివారం మధ్యాహ్నం. నేను దుప్పటి పిండుతుంటే చూడ్డానికి పక్కవీధి వాళ్ళు కూడా వచ్చారు.

వాన పడితే దుప్పట్లుండవు, అప్పుడు ఎండా ఉండదు. ఎండ కాస్తే దుప్పటి ఉంటుంది. ఇంతకన్నా మంచి కప్పు ఏ దొరల తోటలోనూ లేదు.

సెత్


మాంచెస్టర్,
ఆగస్టు

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో గట్టిగా చదివాను. మా సంపాదకుడు, అయిదు సమ్మెలు నడిపిన మనిషి, "ఆడవాళ్ళ చేత సోమవారం మాన్పించారా? అది మావల్ల కాలేదు" అన్నాడు. మీవల్ల కాకపోవడానికి కారణం మీరెప్పుడూ ఒక్క దుప్పటీ పిండకపోవడమేనన్నాను. ఆయన గొంతులో టీ అడ్డం పడింది.

చూశావా, గోడ నీడ యజమానిది. దుప్పటి నీడ వీధిది. ఆ నీడలో ఎవరికీ దగ్గు రాదు. నేను ఇరవై ఏళ్ళుగా వ్యాసాల్లో చెప్పాలని తంటాలు పడుతున్నది ఇదే. (రాయను. మాటిస్తున్నాను. కానీ నా ప్రాణం ఎంత కొట్టుకుంటోందో ఊహించుకో.)

ఒక్కటే అడుగుతాను. సోమవారం నుంచి శనివారం దాకా సరే. ఆదివారం మాటేమిటి? ఈ వారం ఎండలు మండిపోతాయంటోంది రేడియో.

హిల్డా


ఆష్‌క్లఫ్,
ఆగస్టు ఆఖరు

హిల్డాకి,

ఆదివారాలు దేవుడికే వదిలేశాను. నవ్వకు. ఆదివారం తాడు మీద బట్ట వేస్తే ఈ వీధిలో తలెత్తుకుని తిరగలేం. ఇప్పటిదాకా ఆదివారాలన్నీ మబ్బుగానే గడిచాయి.

పోయిన ఆదివారం మా చర్చి పిల్లల పండగ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రార్థనలే. నేను పాటల బృందంలో పైవరుసలో ఉన్నాను. కిటికీల్లోంచి కత్తుల్లా ఎండ. పాడుతున్నానే గానీ మనసంతా పెరట్లోనే ఉంది. మధ్యలో లేచి వెళదామంటే లావు గొంతువాణ్ణి నేనొక్కణ్ణే. అలా కిందికి చూస్తే మొదటి వరుసలో ఒక ఖాళీ కనిపించింది. అది మిసెస్ ఆర్మరాడ్ చోటు. ఆవిడ మొగుణ్ణి పాతిపెట్టిన వారం కూడా ఆ చోటు ఖాళీగా లేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను.

పన్నెండింటికి భోజనాలకి వదిలారు. వీధి వీధంతా చర్చి బట్టల్లో వెనక సందులోంచి వస్తోంది, ముందు ఫాదర్. నా పెరటి ముందు తాడు మీద ఒక దుప్పటి. కింద నీళ్ళు కారుతున్నాయి. పక్కన కుర్చీలో మిసెస్ ఆర్మరాడ్, నల్ల టోపీ పెట్టుకుని, చేతిలో బైబిలుతో.

ఫాదర్ గొంతు సవరించుకుని "అమ్మా, ఆదివారం ఉతుకా?" అన్నాడు.

"సబ్బు పెట్టలేదు" అంది ఆవిడ.

"కానీ తాడు మీద..."

"వానతొట్టిలో ముంచి వేశాను. ఆరడానికి కాదు, నీడకి. అది ఆరినప్పుడల్లా మళ్ళీ ముంచుతున్నాను. ఇందులో పని ఎక్కడుందో ఈ పుస్తకంలో చూపించండి, తీసేస్తాను" అని బైబిలు ముందుకి చాచింది.

పెగ్గీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఫాదర్ కాసేపు దుప్పటిని చూశాడు, కాసేపు నా పెట్టెల్ని చూశాడు. "ఎండ ఎక్కువగానే ఉంది" అని వెళ్ళిపోయాడు. అప్పుడు బ్రెండా పరుగెత్తుకొచ్చి దుప్పటి కింద దూరి ఇవతలికొచ్చింది. ఆ కొస నుంచి ఈ కొసకి, మళ్ళీ ఆ కొసకి. ఎక్కడా ఆగలేదు. అది ఆగలేదన్న సంగతి మేమంతా ఒకేసారి గమనించినట్టున్నాం. మిసెస్ ఆర్మరాడ్ మాత్రం "దుప్పటికి మట్టి అంటిస్తే వీపు చీరేస్తా" అంది.

సెత్


ఆష్‌క్లఫ్,
1963 మే

హిల్డాకి,

ఈ చలికాలం మీ దగ్గర కాలవలు గడ్డకట్టాయని రాశావు. ఇక్కడ కుళాయిలు పగిలాయి, పాలసీసాలు పగిలాయి. నా మొక్కలు మాత్రం పుట్టింటికెళ్ళినట్టున్నాయి. మార్చిలో మంచు కరగ్గానే నా మొక్క కాడ పైకొచ్చింది. ఏడు పువ్వులు! అన్నీ ఒకే రోజు విచ్చుకున్నాయి. మూడు పిలకలు కూడా వేసింది.

పోటీ శనివారం మధ్యాహ్నం, ఎప్పట్లాగే పబ్బు మేడమీద. పెద్ద బహుమతి రాగి కెటిల్ ఎప్పట్లాగే క్లెగ్‌కి వెళ్ళింది. కొత్త మొక్కల వరుసలో మొదటిది నాదే.

క్లెగ్ అట్టముక్కా పెన్నూ తీసి "పేరు?" అన్నాడు.

చెప్పాను. పెన్ను ఆగిపోయింది. "ఇదేం పేరయ్యా? పువ్వులకి రాణుల పేర్లు పెడతారు, దొరసానుల పేర్లు పెడతారు."

"మా వీధిలో దొరసానులు లేరు" అన్నాను. నీ ధోరణి, నిన్నడక్కుండా వాడుకున్నాను. క్లెగ్ నవ్వి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఆదివారం దుప్పటి.

మిసెస్ ఆర్మరాడ్ పెగ్గీతో పాటు వచ్చింది గానీ, పబ్బు గడప తొక్కనని రోడ్డు మీదే నిలబడింది. క్లెగ్ స్వయంగా కుండీ పట్టుకుని మెట్లు దిగి ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. పోటీ మధ్యలో కుండీ బల్ల దిగడం మా సంఘంలో ఎన్నడూ లేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అట్ట చదివింది. చాలాసేపు చదివింది.

"ఆ దుప్పటి మధ్యలో ఒక మాసికుంది. అది కూడా రాశారా?" అంది.

"లేదు."

"అయితే సరే" అంది.

పేరు పడింది కాబట్టి పిలకలు పెరడు దాటొచ్చు. ఒకటి ఆవిడకిచ్చాను. ఒకటి క్లెగ్‌కి, కిందటేడు ఇవ్వాల్సింది. బ్రెండా ఈ నెల నుంచి కొండమీద బడికి నడిచి వెళుతోంది. నిన్న దారిలో ఒక గొర్రెపిల్లని తరిమిందని తిట్లు తింది.

మూడోది ఈ ఉత్తరంతో పాటు పెట్టెలో వస్తోంది, తడి నాచులో చుట్టాను. కిటికీ బయట పెట్టు, లోపల కాదు. నీళ్ళు ఆకుల మీద పోయకు. ఎండ ఎక్కువైతే ఏం చెయ్యాలో నీకు తెలుసు. ఆదివారమైతే సబ్బు మాత్రం పెట్టకు.

దీని గురించి పత్రికలో రాసుకోవచ్చు. మిసెస్ ఆర్మరాడ్‌ని అడిగాను. మాసిక సంగతి రాయకపోతే చాలంది.

సెత్